మెమరీ దొంగను పట్టిన మా వదిన

ఆ మధ్యాహ్నం నేను నాగర్‌కర్నూల్‌లో మా కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని పిల్లల రికార్డులు దిద్దుతున్నాను. అన్న ఫోన్ చేశాడు. అన్న ఎప్పుడూ మెసేజ్ పెడతాడే గాని ఫోన్ చేయడు. ఎత్తగానే "మీ వదిన పోయిందే" అన్నాడు. "ఎక్కడికి?" అన్నాను. నిజంగానే అన్నాను. మా వదిన కాలు ఒకచోట నిలవదు. వనపర్తికో పెద్దమందడికో ఎవరి కంప్యూటరో బాగు చేయడానికి పోయిందనుకున్నాను. వెనకాల ఎవరో ఆడమనిషి గొంతెత్తి ఏడుస్తోంది. అప్పుడు గాని నా బుర్రకెక్కలేదు. పొద్దున టీ తాగి, మెషీన్ ముందు కూర్చుని, ఛాతీ పట్టేసినట్టుందని చెప్పిందట. ఆటోలో దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందట. యాభై కూడా నిండలేదు.

సాయంత్రానికి గద్వాల చేరాను. మా వీధి మొదట్లోనే ఆటోవాడు బండి ఆపేసి, లోపలికి దారి లేదమ్మా, దిగిపొమ్మన్నాడు. మగ్గాలవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, చీర డిజైన్లకు మా ఇంటికి వచ్చిపోయే పక్క ఊళ్ళవాళ్ళు, వదిన దగ్గర కంప్యూటర్ నేర్చుకుని కల్వకుర్తిలో దుకాణం పెట్టుకున్న ఒకామె, అందరూ వచ్చారు. చెప్పులు విడవడానికి కూడా చోటు లేదు. ఆ జనాన్ని చూడగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెబుతాను, మీరేమనుకున్నా సరే. రేపు నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా, అనుకున్నాను. వదిన ఇంకా చాప మీదే ఉంది. నేను గడపలో నిలబడి తలకాయలు లెక్కపెడుతున్నాను.

మనవాళ్ళు ఏడవడం అన్న మాటను రెండు పనులకు వాడతారు. ఒకరి కోసం ఏడుస్తాం, ఒకరిని చూసి ఏడుస్తాం. మా వదినను చూసి నేను ఇన్నేళ్ళూ ఏడ్చాను. ఆమె కోసం ఏడవడం ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. రెండూ ఒకేసారి ఎట్లా ఏడవాలో నాకింకా అలవాటు కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నేత ఇల్లు. నాయన పదిహేను మగ్గాలు నడిపేవాడు. ఆ ఇంట్లో నేను ఎంసీఏ చదివాను. మా వీధిలో కంప్యూటర్ పిల్ల అంటే నేనే. హైదరాబాదులో చదువు ముగించుకుని వచ్చాక, అన్నా నేనూ కలిసి ముందుగదిలో ఒక కంప్యూటర్, దాని పక్కన అట్టలు కొట్టే యంత్రం పెట్టాం. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చీర మీద బొమ్మ రావాలంటే మగ్గం పైన జకార్డు అనే పరికరం ఉంటుంది. దానికి రంధ్రాలు కొట్టిన అట్టలను దండలాగా కుట్టి వేస్తారు. అడ్డంగా నేసే ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట. పెద్ద కొంగయితే అట్టలు వేలల్లోకి పోతాయి. అంతకుముందు గ్రాఫు కాగితం చూసి చేత్తో కొట్టేవారు. నేను రాసిన ప్రోగ్రాంలో బొమ్మను తెర మీద గీస్తే చాలు, యంత్రం అట్టలు కొట్టిపెట్టేది. నాయన ఆ ప్రోగ్రాం గురించి వీధి వీధంతా చెప్పుకున్నాడు. అవి నా జీవితంలో మంచి రోజులు. ఒక ఏడాది పాటు ఉన్నాయి.

తర్వాత అన్నకు పెళ్ళయింది. వదినది వనపర్తి. నేతపనివాళ్ళ పిల్లే. బీఎస్సీ చదివి, అక్కడే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నాలుగైదేళ్ళు పాఠాలు చెప్పింది. ఎంసీఏ కాదు, గుర్తుపెట్టుకోండి, ఉత్త బీఎస్సీ. కాళ్ళ పారాణి ఇంకా పోలేదు, మూడోరోజో నాలుగోరోజో నా వెనకాల వచ్చి నిలబడి, తెర చూసి, "లైనక్సేనా? ఫైల్ సిస్టం ఏం పెట్టినవు పిల్లా?" అంది. కొత్త కోడలు అడగాల్సిన మాటేనా అది? వంటింట్లో ఉప్పు ఎక్కడుంది, పప్పు ఎక్కడుంది అని అడగాలి గాని. నేను జవాబు చెప్పి తల తిప్పుకున్నాను. ఆ రోజే కడుపులో ఎక్కడో మంట అంటుకుంది.

ఆమె అలవాట్లన్నీ నాకు కంటగింపే. కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని బాసిపట్లు వేసుకుని కూర్చునేది. కీబోర్డు పక్కన గిన్నెలో బొరుగులు. ఒక చేత్తో తింటూ ఒక చేత్తో టైపు చేసేది, అదీ నాకంటే వేగంగా. చెవి మీద పెన్సిలు. ఒక పాత లాంగ్ నోట్‌బుక్కు. ఏం చూసినా అందులో టైమువేసి రాసుకునేది. మెషీన్ నెమ్మదిస్తే డబ్బా మీద అరచెయ్యి పెట్టేది, చంటిపిల్లకు జ్వరం చూసినట్టు. చిన్నగా పాటలు పెట్టుకునేది. ఎవరైనా కంగారుపడితే "ముందు చూడు, తర్వాత మొత్తుకో" అనేది. ఆ మాట నాకు చెప్పినప్పుడల్లా ఒళ్ళు మండేది, ఎందుకంటే నేను ముందు మొత్తుకునే మనిషిని.

నాయన కూడా ఆమె పక్షమే అయ్యాడు. మొదట్లో "కోడలా" అనేవాడు, ఆరునెలలకు "బిడ్డా" అన్నాడు. ఇంట్లో బిడ్డ అంటే నేనొక్కదాన్నే గదా అని ఆ రోజు అన్నం తినలేదు. నేను తినలేదని ఎవరూ గమనించలేదు, వదిన తప్ప. ఆమె కంచంలో పెట్టి తెచ్చింది. అది చూసి ఇంకా మండింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా పని బాగా సాగుతోందని విని, చుట్టుపక్కల నాలుగైదు నేత సంఘాల పెద్దలు ఒక సోమవారం చూడటానికి వస్తామన్నారు. నచ్చితే వాళ్ళ ఊళ్ళలో కూడా నా ప్రోగ్రామే పెట్టిస్తారు, పెట్టేది నేనే. నాకు అది ఉద్యోగంకంటే ఎక్కువ. ఇది ఎవరి ప్రోగ్రాం అంటే నా పేరు చెప్పుకుంటారు, నాలుగు ఊళ్ళలో. సరిగ్గా దానికి రెండు వారాల ముందు మెషీన్‌కు రోగం పట్టుకుంది. పొద్దున ఆన్ చేయగానే గుర్రంలాగా పరుగెత్తేది. పన్నెండు కొట్టేసరికి నత్తలాగా తయారయ్యేది. మౌసు కదిపితే ఎప్పటికో కదిలేది. చివరికి డిజైన్ గీస్తున్న ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోయేది, అప్పటిదాకా గీసిన బొమ్మతో సహా. మెమరీ అయిపోయింది, అందుకని ప్రోగ్రాంను చంపేశాను అని లైనక్స్ తన లాగ్‌లో చల్లగా రాసుకునేది. అరుగు మీద అట్టల కోసం కూర్చున్న మగ్గాలవాళ్ళు కిటికీలోంచి నన్నే చూసేవారు.

నాకు తెలిసిన వైద్యం నేను చేశాను. ఎంత మెమరీ ఖాళీగా ఉందో చూశాను. దాదాపు ఏమీ లేదు. సరే, ర్యామ్ చాలడంలేదన్నాను. అన్న హైదరాబాదు పోయి తెచ్చాడు, ఉన్నదానికి రెట్టింపు వేశాం. మర్నాడు మళ్ళీ పన్నెండుకే పడిపోయింది. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. అందరం అన్నానికి కూర్చున్నప్పుడు, "వదిన పాటలు పెట్టుకుంటది గద, మెమరీ అంతా దానికే పోతున్నది" అన్నాను. అన్న ఆమె ముఖం చూశాడు. వదిన తలెత్తకుండా "అట్లనా, బంజేస్త తీ" అంది. మూడు రోజులు పాటల్లేవు. మూడు రోజులూ మెషీన్ పన్నెండుకే పోయింది. నాలుగోరోజు ఆమె నా పక్కకు కుర్చీ లాక్కుని, "పాటలు గాదు పిల్లా. జర నన్ను చూడనిస్తవా?" అంది. సోమవారానికి ఇంకా నాలుగే రోజులున్నాయి. చూడమన్నాను. చూసి ఏమీ తేల్చుకోలేకపోవాలని లోపల మొక్కుకున్నాను.

ఆమె ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. నోట్‌బుక్కు తెరిచింది, గీతలు కొట్టింది, పొద్దున తొమ్మిది నుంచి పావుగంటకొకసారి అంకెలు రాయడం మొదలుపెట్టింది. మొత్తం ఎంత, ఖాళీ ఎంత, క్యాష్ ఎంత, అంటే మళ్ళీ కావాలంటే అందేలా పక్కన దాచుకున్నది ఎంత. నాకు నవ్వొచ్చింది. "ఖాళీ లేదని నాకు ముందే తెల్సు వదినా" అన్నాను.

"ఖాళీగ ఉన్న మెమరీ మంచిదని ఎవరు చెప్పిన్రు నీకు? అది పనికిరాకుంట పండుకున్న మెమరీ. లైనక్సు ఒకపారి చదివిన ఫైలును పక్కకు పెట్టుకుంటది, మళ్ళ అడుగుతవేమోనని. నువ్వు చోటు అడిగితె అది వెంటనే ఇచ్చేస్తది. గది దొంగ గాదు."

"మరి దొంగెవరు?"

"ఇయ్యకుంట పట్టుకున్నది ఏదో ఉన్నది. అది చూడాలె."

నడుస్తున్న ప్రోగ్రాములన్నీ వాడుతున్నది కూడింది. ఫైళ్ళ క్యాష్ కూడింది. మొత్తంలోంచి తీసేస్తే చాలా మెమరీ ఎవరి ఖాతాలోనూ లేకుండా మిగిలింది. అంత మెమరీ ఎవరు తిన్నట్టు? అప్పుడామె ఇంకో పట్టిక తెరిచింది. కెర్నల్, అంటే లైనక్స్ లోపల అన్నీ నడిపించే భాగం, తన సొంత పనికి ఎంత మెమరీ వాడుకుంటుందో చూపే పట్టిక అది. స్లాబ్ అంటారు. నేను పరీక్షకు చదివాను, నా కళ్ళతో ఎప్పుడూ తెరిచి చూడలేదు. పైన రెండు వరుసలు మిగతా అన్నింటినీ మింగేసి ఉన్నాయి. ఒకటి ఫైళ్ళ పేర్లు, రెండోది ఒక్కో ఫైలు వివరాలు. కెర్నల్, ఫైళ్ళలో ఉన్నది కాకుండా, ఫలానా పేరుగల ఫైలు ఫలానా చోట ఉంది అన్న చిట్టీలే లక్షల్లో రాసి పెట్టుకుంది.

నాయన వచ్చి ఏమైందని అడిగితే ఆమె మా ఇంటి భాషలోనే చెప్పింది. "మామా, నేసెటాయన మగ్గం పక్కన నూలు కండెలు పెట్టుకుంటడు గద, మాటిమాటికి గదికి పోకుంట. అది మంచిదే, చోటు కావాలంటె తీసి పెడ్తడు. గని ఏ కండె ఏడున్నదో చిట్టీలు రాసి రాసి కూసునే గద్దె మీదనే కుప్ప పోస్తె? ఆయనకే జాగ లేదు, ఎట్ల నేస్తడు?" నాయన తల ఊపాడు. మూడేళ్ళు నేను కంప్యూటర్ గురించి చెబితే నాయన ఎప్పుడూ అట్లా తల ఊపలేదు. కొత్త ర్యామ్ ఎందుకు పని చేయలేదో కూడా అప్పుడే చెప్పింది. ఆ కాలపు మెషీన్లలో కెర్నల్ తన చిట్టీలు పెట్టుకునే చోటుకు ఒక హద్దు ఉండేది. మనం ఎంత ర్యామ్ వేసినా ఆ హద్దు జరగదు.

పదకొండున్నరదాకా అంకెలు కొద్దికొద్దిగా కదిలాయి. పదకొండు నలభైఅయిదుకు రాసేసరికి ఒక్క దూకు దూకాయి. ఆమె పెన్సిల్ ఆగింది. "పదకొండున్నరకు ఏం నడుస్తది?" అని అడిగింది. పదకొండున్నరకు నడిచేది నా ప్రోగ్రామే. మగ్గాలవాళ్ళు అన్నానికి లేచే వేళ అని, అన్ని చీరల అట్టలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పనిని నేనే ఆ టైముకు పెట్టాను.

ఆ చిట్టీల క్యాష్‌ను ఖాళీ చేయమని కెర్నల్‌కు చెప్పే ఉపాయం ఒకటుంది. ఆమె అది చేసింది. ఒక్క క్షణంలో మెషీన్ తేలికపడింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. రోజూ పదకొండు యాభైకి ఇదే చేస్తే సరిపోతుంది గదా, సోమవారం గట్టెక్కుతాం అన్నాను. వదిన ఒప్పుకోలేదు. "ఇది జరానికి గోలీ, రోగానికి మందు గాదు. రేపు ఇంక వంద చీరలు ఎక్కితె?" అంది. ఆమె కళ్ళు ఇంకా పట్టిక మీదే ఉన్నాయి. డిస్కులో మొత్తం ఎన్ని ఫైళ్ళున్నాయో చూసింది. మెమరీలో ఉన్న పేర్ల చిట్టీలు ఎన్నో చూసింది. రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి, గీత గీసింది.

"చూసినవా? ఉన్న ఫైళ్ళకంటె పేర్లు దగ్గర దగ్గర రెండింతలున్నయి. లేని పేర్లు గుర్తుపెట్టుకున్నది."

"లేని ఫైలు పేరెట్ల గుర్తుంటది?"

"ఎవరో అడిగిన్రు. లేదు అని జవాబిచ్చింది. మళ్ళ అడిగితె డిస్కుదాక పోకుంట చెప్పెటందుకు, లేదన్న మాట గూడ రాసి పెట్టుకున్నది. లేనిదాన్ని అన్నిసార్లు ఎవరడుగుతున్రు?"

అడుగుతున్నది నేనే. అది ఏ హైదరాబాదు ఇంజనీరూ చేయని తప్పు, మా ఇంట్లో పుట్టినదాన్ని గనక నేను చేశాను. మా ఇంట్లో దండలో ఒక అట్ట చినిగితే దండంతా పారేయరు. ఆ ఒక్కటి విప్పి, కొత్తది కొట్టి, దాని మూలకు ఎర్రదారం ముడి వేసి కుడతారు. మగ్గం ఎక్కించే ముందు నాయన ప్రతి అట్ట దగ్గరా ముందు ఎర్రదారం ఉందా అని వెతికేవాడు. నేను చిన్నప్పటినుంచి చూసినదాన్ని, ప్రోగ్రాంలో అట్లాగే రాశాను. ఒక అట్టకు ఒక ఫైలు. ప్రతి అట్టకూ ముందు ఎర్రదారం ఫైలు ఉందా అని అడగడం, లేదంటే మామూలుది తెరవడం. వేల అట్టలున్న వందల చీరలకు, రోజూ. మగ్గం ఎట్లనో కంప్యూటర్ గట్లనే అని నాయన వీధిలో మెచ్చుకున్నది దీన్నే. నేను ఎంతో గర్వపడినదీ దీన్నే.

వదినకు అంతా అర్థమైంది. నా ముఖం చూసి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, "ఆలోచన మంచిదే పిల్లా, మగ్గానికి" అంది. వెక్కిరింత లేదు. వెక్కిరించి ఉంటే నేను తట్టుకునేదాన్ని.

ఒక చీరకు ఒకటే ఫైలు, ఎర్రదారం అట్టలన్నీ దాంట్లోనే చివర ఒక జాబితా. రెండున్నర రోజులు కూర్చుని నేనే తిరగరాశాను. అది మాత్రం నిజం. వదిన అన్నం తెచ్చిపెట్టడం, పాత అట్టలతో పోల్చి చూడటం తప్ప కీబోర్డు ముట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. అంకెలు కదల్లేదు. వదిన తన పాటలు మళ్ళీ పెట్టుకుంది.

సోమవారం సంఘాల పెద్దలు వచ్చారు. అన్నీ చూశారు. ఒకాయనకు ఎవరో ముందే చెప్పినట్టున్నారు, "మెషిన్ బందు పడుతుండె అన్నరు గద, మరి ఎట్ల పట్టుకున్నరు?" అని అడిగాడు. వదిన టీ గ్లాసుల పళ్ళెంతో గడపలో ఉంది. అన్న నా వంక చూశాడు. నాయన వదిన వంక చూశాడు. ఆ చూపు చూడగానే నా నోరు ఆగలేదు.

"నేనే పట్టుకున్న సార్. కెర్నల్ క్యాష్ పెరుగుతున్నదని అంకెలు రాసుకుంట కనిపెట్టిన" అన్నాను.

వదిన పళ్ళెం బల్ల మీద పెట్టి, "ఔ సార్, మా పిల్లకు చూసుడుతోటే తెలిసిపాయె. టీ తీసుకోండ్రి" అంది.

వాళ్ళు పోయాక వంటింట్లో ఆమెమీద పడ్డాను. నిజం చెప్పి ఉంటే నాలుగు మాటలు పడి ఊరుకునేదాన్ని, అబద్ధానికి వంతపాడిందని రేగిపోయాను. "ఎందుకు జెప్పలే? నన్ను జూసి జాలిపడుతున్నవా?" అన్నాను.

"ఏం జెప్పాలె? రాసింది నువ్వు, తిరగరాసింది నువ్వు. నేను చూసిన, అంతే గద."

"జాలి నాకొద్దు."

"జాలి గాదు తల్లీ, అన్నం. కూసో, సల్లారుతది."

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ సాయంత్రం ఆమె నోట్‌బుక్కులోంచి ఆ అంకెల పేజీలు మూడు చింపేశాను, ఎవరూ చూడకూడదని. మర్నాడు ఆమె పుస్తకం తెరిచింది, చినిగిన అంచుల మీద వేలు పోనిచ్చింది, పేజీ తిప్పి కొత్త తేదీ వేసి రాసుకోవడం మొదలుపెట్టింది. పారేయడానికి నాకు చేతులు రాలేదు. నా ఎంసీఏ సర్టిఫికెట్లున్న కవరులోనే ఇప్పటికీ ఉన్నాయి. ఆ పెన్సిల్ గీతలు ఎంత తిన్నగా ఉంటాయో, నాకు ఈరోజుకీ అట్లా రావు.

నాలుగు ఊళ్ళలో నా ప్రోగ్రాం పెట్టారు. ఆ పని చూసే నాకు కాలేజీలో ఉద్యోగం ఇచ్చారు. నాగర్‌కర్నూల్ వచ్చేశాను, పెళ్ళయింది, లెక్చరర్ మేడం అయ్యాను. ల్యాబ్‌లో ఏదైనా అంతుపట్టకపోతే వదినకు ఫోన్ చేసేదాన్ని. నేరుగా అడగడానికి నామోషీ. అమ్మ ఎట్లుంది, వానలు పడ్డాయా అని అడిగి, మధ్యలో మాటవరసకన్నట్టు సంగతి జారవిడిచేదాన్ని. ఆమె కూడా "నాకేం తెల్వదు గని, గదొక్కటి చూడరాదు?" అని మాటవరసకే చెప్పేది. ఆ గదొక్కటే ప్రతిసారీ అసలు జబ్బు అయ్యేది. ఫోన్ పెట్టేసి నా స్టూడెంట్లకు నా సొంత తెలివిలాగా చెప్పేదాన్ని. వాళ్ళు మేడం గ్రేట్ అంటే ఒక పక్క సంతోషం, ఒక పక్క ఆమెమీద కోపం. అమ్మ మంచాన పడ్డాక నేను సెలవు పెట్టి పోతే, అమ్మ నా చేతి మందు మింగేది కాదు, వదిన వచ్చి పట్టాలి. అమ్మ మీద కోపం రాలేదు. వదిన మీదే వచ్చింది. ఇంత చిన్న మనసు పెట్టుకుని ఇన్నేళ్ళు ఎట్లా బతికానో నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

పదోరోజు కర్మకు బీచుపల్లి పోయాం. కృష్ణలో నీళ్ళు బాగానే ఉన్నాయి. అన్న కార్యం ముగించుకుని తడిబట్టలతో మెట్లెక్కి వచ్చాడు. మగ్గాలవాళ్ళు పదిపన్నెండు మంది వచ్చారు, స్నానాలు చేసి మెట్ల మీద కూర్చున్నారు. మా దగ్గర అందరికంటే ముందునుంచి నేస్తున్న పెద్దాయన నా పక్కకు వచ్చాడు. నేను దిగులుగా ఉన్నానని ఓదార్చాలనుకున్నట్టుంది.

"ఊకో బిడ్డా. మీ వదినె ఉన్నన్ని దినాలు నీ గురించి మంచిగ జెప్పుతుండె. నువ్వు గా దినం మిషిన్ రోగం పట్టుకోకపోతె మేమంత మళ్ళ గ్రాఫు కాయితాలకే పోతుంటిమి" అన్నాడు.

ఆమె పిండాలు ఇంకా నీళ్ళలో తేలుతున్నాయి.

"నేను పట్టుకోలే తాతా" అన్నాను. గొంతు పెద్దదే అయింది, అందరూ తిరిగారు. "వదిన పట్టుకున్నది. నేను అబద్ధం జెప్పిన. అంకెలు రాసింది ఆమె, కనిపెట్టింది ఆమె. నా ప్రోగ్రాంలనే తప్పున్నది. ఆమె పేరు నేను తీసుకున్న."

పెద్దాయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "తెల్సు బిడ్డా" అన్నాడు.

"తెల్సా? ఎవరికి?"

"అందరికి తెల్సు" అని వెనకనుంచి అన్న అన్నాడు. "గా దినం అరుగు మీదనే ఉంటిరి గద వీళ్ళంత. కిటికీలకెళ్ళి చూస్తనే ఉండిరి. సంఘపోళ్ళు పోయినంక నాయిన నిన్ను తిడ్తనని లేచిండు. మీ వదిననే ఆపింది."

"ఏమన్నది?"

"పిల్ల చిన్నబోతది, ఎవరు అనొద్దు అన్నది. దాని పేరు దానికి ఉండనియ్యిండ్రి, నాకు మిషిన్ నడిస్తె చాలు అన్నది."

నాకు ఒక్కొక్కటే అర్థమవుతోంది. నాయన పోయేదాకా ఒక్కమాట అనలేదు. ఇన్ని పెళ్ళిళ్ళలో, ఇన్ని పండుగల్లో, ఈ మనుషులంతా నన్ను చూసి, మిషిన్ రోగం పట్టిన పిల్ల అని నవ్వుతూ పలకరించారు. నేను ఆ మాటకు తల ఎత్తుకుని నడిచాను. "మరి ఇప్పుడెందుకు తాతా?" అన్నాను. "ఆమెనే లేదు గద. ఇయ్యాల గూడ నా పేరే ఎందుకు జెప్పినవు?"

పెద్దాయన నన్ను వింతగా చూశాడు, ఇంత చదువుకున్నదానికి ఇంత చిన్న సంగతి ఎట్లా తెలియదన్నట్టు.

"ఆమె చెప్పొద్దన్నది. మళ్ళ చెప్పుండ్రి అనలే గద బిడ్డా."

చూడండి, అప్పుడు కూడా నాకు ముందు వచ్చింది అసూయే. నా క్లాసులో నా మాట మీద పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చునే పిల్లలు లేరు. ఆమె ఒక్క మాట అంది, పదిహేను మగ్గాల మనుషులు ఇన్నేళ్ళు నోరు విప్పలేదు, పోయాక కూడా విప్పలేదు. ఎట్లా సంపాదించావు వదినా ఇదంతా, నాకెందుకు రాలేదు, అని కడుపు రగిలిపోయింది. రగిలి రగిలి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఆమెను చూసి ఏడ్చానో ఆమె కోసం ఏడ్చానో తెలియదు, మెట్ల మీద కూలబడి పెద్దగా ఏడ్చాను. కొంచెంసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ తలెత్తి చూశాను, వీళ్ళందరి ముందు ఎంత పలచనయ్యానో అనుకుంటూ.

ఎవరూ నావైపు చూడటంలేదు. అన్న, పెద్దాయన, మిగతా మగ్గాలవాళ్ళు, అందరూ తడిబట్టల మీదే నిలబడి, నది మీది వంతెన వైపు తలలు తిప్పుకుని, పోతున్న లారీలను శ్రద్ధగా చూస్తున్నారు.